దరి అన్న మాట

మా మామ పెంటయ్య వెదురు పరంజా మీద తొమ్మిదో అంతస్తు దాకా చెప్పుల్లేని కాళ్లతో నడిచేవాడు. తాడు పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులతో వెదురుకు ముడి వేస్తూ, కింద రోడ్డు మీద ఎవరు పోతున్నారో కూడా చెప్పేవాడు. అలాంటి మనిషి మోకాలి లోతు వాగు దాటలేక పడ్డాడంటే కామాఠిపురాలో మా గల్లీ మొత్తం నమ్మింది. ఇంత తేలిగ్గా ఎలా నమ్మారని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నమ్మించింది నేనే కదా అని గుర్తొచ్చాక ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియదు.

మా తాత బొంబాయికి రాళ్లు మోయడానికి వచ్చాడు. నాన్న తాపీ మేస్త్రీ అయ్యాడు. నేను, శంకర్రావును, ఫోర్టులో ఒక ఆఫీసులో టైపిస్టునయ్యాను. చదివింది మరాఠీ బడి. ఆఫీసులో నా పేరును 'శంకర్ రావ్' అని రెండు ముక్కలు చేసి పిలిచేవారు, మరాఠీవాడినే అనుకునేవారు. అవునని నేనెప్పుడూ అబద్ధమాడలేదు, కాదని నిజమూ చెప్పలేదు. ఇల్లెక్కడ అంటే కామాఠిపురా అనకుండా గ్రాంట్ రోడ్ అనేవాణ్ణి. కామాఠిపురా పేరెత్తితే పక్క గల్లీల్లోని సానికొంపలు గుర్తొచ్చి ఎదుటివాడి మూతి మీదికి ఒక రకం నవ్వు వస్తుంది. ఆ నవ్వు చూసే ఓపిక నాకు లేదు.

మా ఆఫీసులో నా పక్క టేబులు సావంత్‌ది. మంచివాడు. ఆదివారం వస్తే కాళ్లకు కాన్వాసు బూట్లు తొడిగి కొండల మీద పడేవాడు. ఎనభై నాలుగు సెప్టెంబరులో, కసారా దాటాక దేవ్‌ఖోరే అనే లోయ ఉంది, పోదాం రమ్మన్నాడు. సర్కారు కాపాడుతున్న అడవి. చెట్టు మీద చెయ్యి వేయకూడదు, నిప్పు రాజేయకూడదు. అక్కడ కార్వీ అనే పొద ఎనిమిదేళ్లకోసారి పూస్తుందట, ఆ సంవత్సరమే పూసిందట. సావంత్, అతని స్నేహితులిద్దరు, నేను. మరాఠీవాళ్లతో కలిసి కొండెక్కడమంటే నాకు ప్రమోషన్ వచ్చినంత పని.

ఈ సంగతి అమ్మకు చెబుతుంటే మామ విన్నాడు. మామ మా అమ్మకు తమ్ముడు. పాలమూరు జిల్లాలో అమ్రాబాద్ పక్కన, నల్లమల అంచున ఊరు. వానలు ఎగ్గొట్టేసరికి ఆరు నెలల కింద బొంబాయి వచ్చాడు. మా చాల్‌లో, అంటే వరస గదుల మేడలో, మా గది ముందున్న గ్యాలరీలో పడుకునేవాడు, కూలీలను పెట్టుకునే గంగారాం ముకాదం దగ్గర పరంజాలు కట్టేవాడు.

"అడివికా అల్లుడా?" అన్నాడు. "నన్ను గూడ తోల్కపోరాదు. ఆరు నెల్లాయె చెట్టు కింద కూసోక. ఈడ యాడ చూసినా సిమిటి వాసనే."

నేను సాకు వెతుక్కుంటుంటే అమ్మ రొట్టె కాలుస్తూనే అందుకుంది. "తోల్కపో బిడ్డా. నీకేం తక్లీఫ్? వాడు అడివిల పుట్టినోడు. నీకే ఆసర అయితడు."

పొద్దున్నే బైకలా స్టేషన్‌లో సావంత్ వాళ్లు ఎదురుపడ్డారు. మామ మోకాళ్ల పైకి కట్టిన పంచె, తలకు తువ్వాలు, ఉత్త కాళ్లు. ఇతనెవరని సావంత్ మరాఠీలో అడిగాడు. మరాఠీలో కూడా మేనమామను మామా అనే అంటారు. తర్జుమా చేయాల్సిన పని కూడా లేదు, ఉన్న మాట అంటే సరిపోయేది. నేను "హమాల్" అన్నాను. "సామాను మోస్తాడు."

సావంత్ సంబరపడిపోయాడు. నలుగురి సంచులు, తిండి గిన్నెలు మామ భుజాలకెక్కాయి. మామ బరువు సరిగ్గా కుదిరేదాకా భుజాలు రెండుసార్లు ఎగరేసుకున్నాడు. హమాలీ అన్న మాట పాలమూరులోనూ ఉందన్న సంగతి నాకు రైలు కల్యాణ్ దాటాక తట్టింది. ఎదురు బల్ల వైపు చూశాను. మామ కిటికీలోంచి వరి మళ్లు చూస్తూ కూర్చున్నాడు. వినలేదులే అనుకున్నాను. అలా అనుకుంటే హాయిగా ఉంది, అందుకే అనుకున్నాను.

లోయ మొదట్లో అటవీశాఖ వాళ్ల గేటు. గార్డు రిజిస్టరు తెరిచి పేర్లు రాయమన్నాడు. నాలుగు పేర్లు రాశాం. ఐదో మనిషి ఎవరన్నాడు. నా చేత్తోనే 'హమాల్, ఒకడు' అని రాశాను. పూలు తెంపకండి, రేడియో పెట్టకండి, కేకలు వేయకండి, జంతువులు బెదురుతాయి అని గార్డు చెప్పాడు. మామకు అర్థం కాకపోయినా అందరికంటే ఎక్కువగా తలూపాడు.

లోపలికి పోయాక మామను చూసి నాకు కొంచెం కుళ్లు పుట్టింది. మేం జారుతూ, గడ్డి పట్టుకుంటూ పోతుంటే అతను అంత బరువుతోనూ ఇంట్లో నడిచినట్టు నడుస్తున్నాడు. రాయి మీద అడుగు పెట్టేముందు కాలి బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమేవాడు. ఎక్కడో నీళ్ల చప్పుడు వినిపిస్తే ఆగి, అది ఎంత దూరమో వేళ్లతో చూపించేవాడు. ఆరు నెలలుగా గ్యాలరీలో ముడుచుకుని పడుకున్న మనిషి ఇతనేనా అనిపించింది.

ఒకచోట కొమ్మ మీద పెద్ద ఎర్ర ఉడుత కనబడింది. తోకే మూరెడుంది. "అల్లుడా, చూడు చూడు. పిల్లి పాటి ఉన్నది" అని మామ గుసగుసగా అన్నాడు. "మా దిక్కు గూడ ఉంటయి ఇసొంటియి. చెట్టు దిగయి. కింద పులున్నా దానికి ఫికర్ లేదు."

సావంత్ నా వైపు తిరిగి ఏమంటున్నాడని అడిగాడు. నాకు ఆ భాష వచ్చని వాళ్లకు తెలియడం ఇష్టంలేక, చేతి సైగలు చూసి ఊహించినట్టుగా "ఆకలంటున్నాడేమో" అన్నాను. సావంత్ జాలిపడి రెండు బిస్కెట్లు తీసి ఇచ్చాడు. మామ ఆ బిస్కెట్ల వైపు, నా వైపు చూశాడు. "తిను" అన్నాను నోట్లోనే. ఆ రోజు నేను అతనితో మాట్లాడిన తెలుగు అంతే.

పైకి చేరాక కార్వీ పూలు కనబడ్డాయి. వాలు వాలంతా ఊదా రంగు. తేనెటీగల రొద. మామ సంచులు దింపి నిలబడిపోయాడు. "ఇవేం పూలు అల్లుడా? మా దిక్కు లెవ్వు" అని అడిగాడు. ఎనిమిదేళ్లకోసారి పూస్తాయట మామా, ఈసారి పోతే మళ్లీ తొంభై రెండులోనే అని చెప్పొచ్చు. నాకు తెలిసిన సంగతే. నేను విననట్టే సావంత్ పక్కన నడుస్తూ అదే సంగతి మరాఠీలో మాట్లాడుకుంటూ పోయాను. వెనక్కి తిరిగి చూస్తే మామ ఇంకా అక్కడే ఉన్నాడు, ఒక పువ్వును తెంపకుండా ముక్కు దగ్గరకు వంచుకుని.

అలా వెనకబడ్డాడు. మా బాటకు అడ్డంగా ఒక వాగు వచ్చింది. చిన్నదే. కొంచెం ఎగువన రాళ్లు పేర్చి ఉంటే వాటి మీదుగా దాటి, ఇవతలి ఒడ్డు వెంట కాస్త కిందికి వచ్చాం. అక్కడ వాగు కొండ అంచు మీదుగా కిందికి దూకుతోంది. అంతలో లోయలోంచి మంచు లేచి కమ్ముకుంది. చాచిన నా చెయ్యే నాకు కనబడటం లేదు. ఒక్క క్షణం మంచు చీలినప్పుడు మామ అవతలి ఒడ్డున కనిపించాడు. చెట్టుకు వీపు ఆనించి, కదలకుండా నిలబడి ఉన్నాడు. మంచు కమ్మితే ఉన్నచోటే ఉండాలని అడవి మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. అతని మానాన అతన్ని వదిలేసి ఉంటే మంచు విడిచేదాకా అలాగే ఉండేవాడు.

"నీ హమాల్‌కు చెప్పు. మధ్యలో దరీ ఉంది" అన్నాడు సావంత్. దరీ అంటే మరాఠీలో లోయ, నిట్టనిలువు లోతు.

మామా, ఆడనే నిలవడు. ఈ మాట నా గొంతు దాకా వచ్చింది. 'మా' అని పెదవులు కలిపాను కూడా. పక్కన సావంత్ ఉన్నాడు. పొద్దున హమాల్ అన్నవాడిని ఇప్పుడు మామా అని ఎలా పిలుస్తాను? పిలిస్తే రైలు దిగేదాకా సంజాయిషీ చెప్పుకోవాలి. మింగేశాను. "దరీ... దరీ..." అని రెండుసార్లు మరాఠీలోనే అరిచాను.

మంచులోంచి జవాబు వచ్చింది. "ఆఁ, వస్తున్న అల్లుడా." ఆ గొంతులో ఎంతో సంతోషం ఉంది. లోయ ఉందంటే వస్తానంటాడేమిటి అని నేను విసుక్కున్నాను. తర్వాత గిన్నెలు దొర్లిన చప్పుడైంది.

రెండు నిలువుల లోతున ఒక పొద ఆపింది. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. గార్డు, ఇద్దరు ఊరివాళ్లు వెదుళ్లకు దుప్పటి కట్టి మోసుకొచ్చారు. దారి పొడవునా మామ నొప్పికి మూలగలేదు, గిన్నెలు సొట్టపోయినయని బాధపడ్డాడు. నేను పక్కనే నడిచాను. సర్కారు దవాఖానలో ప్లాస్టరు వేశారు. మర్నాడు ఆఫీసులో సావంత్ "నీ హమాల్ ఎలా ఉన్నాడు" అని అడిగితే "బాగానే ఉన్నాడు" అన్నాను.

అసలు ఏం జరిగిందో నాకు మూడో రోజు తెలిసింది. పక్క గది రత్నాబాయి పరామర్శకు వచ్చింది. అమ్మ ఆమెకు చెబుతోంది, నేను గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను.

"మంచుల బాట కనవడకపోతే నా కొడుకే పిలిచిండంట బాయీ. దరి, దరి అని కేకేసి ఒడ్డు సూపిచ్చిండంట. వీనికే కాలు జారింది. నా కొడుకు పిలవకపోతే నా తమ్ముడు దక్కకపోవు."

"నసీబ్ ఉండాలె ఇసొంటి అల్లుడు దొరకనీకి" అంది రత్నాబాయి.

చాయ్ నా చేతిలో అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో దరి అంటే ఒడ్డు. వాగు దాటేవాడికి అవతల ఉన్నవాడు వేసే కేక అది. ఇటు రా, ఒడ్డు ఇక్కడుంది అని. నేను 'ముందు లోతుంది, కదలకు' అని అరిస్తే, మామకు నా దగ్గరికి రా అని వినిపించింది. ఎగువన రాళ్ల దగ్గరికి పోకుండా, నా గొంతు వినబడిన వైపుకు తిన్నగా నడిచాడు. జారలేదు, ఏమీ లేదు. నేను పిలిచాను, వచ్చాడు.

లోపల మంచం మీద నుంచి మామ అంటున్నాడు. "అల్లుని తప్పేం లేదక్కా. మంచిగ పిలిచిండు. నా కాళ్లే మోసం చేసినయి."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. చెప్పాలంటే దరీ ఒక్కటే చెబితే చాలదు. మరాఠీలో ఎందుకు అరిచావని అడుగుతారు. అక్కడి నుంచి హమాల్ దాకా పోవాల్సి వస్తుంది. ప్లాస్టరు తీశాక చెబుదామనుకున్నాను. ఈలోగా గల్లీలో నన్ను చూసిన ప్రతివాడూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పులకు నేను తల కూడా వంచాను, సిగ్గులేని వెధవని.

దీపావళి దాటాక ప్లాస్టరు తీశారు. ఎముక అతికింది. డాక్టరు నడవమన్నాడు. మామ మాత్రం నడవలేదు. కుళాయి దాకా పోవాలన్నా గ్యాలరీ కటకటాలను రెండు చేతులా పట్టుకునేవాడు. చాల్ మెట్లు కూర్చుని ఒక్కొక్కటిగా దిగేవాడు. ఒకరోజు కింద గల్లీలో మురికి కాలువ మీద వేసిన బండ దాటడానికి ఎంతసేపు నిలబడ్డాడో చూశాను. పక్కనుంచి పిల్లలు దూకి పోతున్నారు. మామ ఆ బండను బొటనవేలితో తడిమి, వెనక్కి తీసుకుని, మళ్లీ తడిమాడు. చివరికి రత్నాబాయి చెయ్యి పట్టుకుని దాటించింది.

గంగారాం వచ్చాడు. చెడ్డవాడు కాదు. గడప దగ్గరే కూర్చుని నేల చూస్తూ అన్నాడు. "పెంటన్నా, తప్పుగ అనుకోకు. మోకాలి లోతు వాగుల పడ్డోన్ని పరంజా మీదికి ఎట్ల ఎక్కియ్యాలె? రేపేమన్నయితే నా గర్దన్ మీదికొస్తది. ఊరికి పోయి కొన్నొద్దులు ఆరాం చెయ్యి."

"నిజమే" అన్నాడు మామ. "నా కాళ్లను నేనే నమ్ముతలేను. నువ్వెట్ల నమ్ముతవు?"

వాదిస్తాడనుకున్నాను. బతిమాలుకుంటాడనుకున్నాను. ఊరికి పోతే అక్కడ వానల్లేవు, చేయడానికి పని లేదు. చేతిలో ఉన్న పని ఇదొక్కటే, అదీ కాళ్ల మీద నమ్మకంతో చేసే పని. దాన్ని అంత సులువుగా వదిలేశాడు. ముడులు వేసే తాడు చుట్ట తీసి గంగారాంకు ఇచ్చేశాడు.

ఆదివారం పొద్దున అమ్మ మామ ప్రయాణానికని నాగ్‌పాడాలో దుప్పటి కొనడానికి పోయింది. మామ గ్యాలరీలో కూర్చుని అంగీలు మడతపెడుతున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"మామా, నువ్వు జారి పడలే" అన్నాను.

"మరి?"

"దరీ అంటే మరాఠీల ఒడ్డు కాదు. లోయ. పడే జాగ. నేను నిన్ను ఆగుమని అరిచిన. నీకు రమ్మన్నట్టు ఇనవడ్డది."

మామ చేతిలోని అంగీ ఒళ్లో పడింది. నా ముఖంలోకి చూశాడు. "గప్పుడు నువ్వు నాతోని మరాఠీల ఎందుకు మాట్లాడితివి? నాకు రాదు గద."

ఇదే, నేను రెండు నెలలుగా తప్పించుకు తిరిగిన ప్రశ్న. "వాళ్లకు నిన్ను హమాల్ అని చెప్పిన మామా. నువ్వు నాకేమైతవో వాళ్లకు తెలిస్తదని తెలుగుల పిలవలే. సిగ్గయింది."

"హమాలీ అన్నది ఇన్న" అన్నాడు మామ. "సంచులు మోస్తున్న గద, అందుకే అన్నవనుకున్న." తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "పొద్దుగాల నుంచి నాతోని మాట్లాడలే గదా. నువ్వు దరి అని పిలిచినప్పుడు, అల్లునికి యాదికొచ్చిన అనుకున్న. ఆ ఖుషీల గబగబ వచ్చిన."

తిట్టినా బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. నేను ఏడ్చాను, పాతికేళ్లవాణ్ణి, గ్యాలరీలో అందరూ చూస్తుండగా.

మామ నన్ను ఓదార్చలేదు. అతని ధ్యాస వేరే చోట ఉంది. కింద తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. "అయితే ఇవి మంచిగనే ఉన్నయన్నట్టు" అన్నాడు. లేచాడు. కటకటాలు వదిలేసి గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు, తిరిగి వచ్చాడు. రెండోసారి ఇంకా వేగంగా. మూడోసారి నడుస్తూనే అడిగాడు. "గంగారాంకు గూడ చెప్తవా?"

"చెప్త. అమ్మకు గూడ చెప్త."

"అక్కకు చెప్పకు. నువ్వు నన్ను పిలిచినవని మురుస్తున్నది."

గంగారాంకు అంతా చెప్పాను, హమాల్‌తో సహా. అతను తమలపాకు నములుతూ విని, "మేనమామను హమాల్ అంటివా, సాలా" అని పక్కకు ఉమ్మాడు. అంతకు మించి నాతో మాట్లాడలేదు. తాడు చుట్ట తీసుకుని మామ దగ్గరికి పోయాడు.

అమ్మకు చెప్పలేదు. ఆ కేక సంగతి ఆమె ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. నేను లేచి బయటికి పోతాను. మెప్పుకు సిగ్గుపడుతున్నాడనుకుంటారు.

మామ మళ్లీ పనిలో చేరిన వారానికి అమ్మ నాకు టిఫిన్ డబ్బా ఇచ్చి పంపింది. నాగ్‌పాడాలో ఒక మేడకు రంగులేస్తున్నారు. మామ నాలుగో అంతస్తు ఎత్తున, వెదురు మీద గొంతుకూర్చుని ముడి బిగిస్తున్నాడు. కింద రోడ్డు నిండా జనం. నేను తల పైకెత్తి, ఎవరు వింటే నాకేం అనుకుని, గట్టిగా కేకేశాను. "మామా, దిగిరా. అన్నం తెచ్చిన."

మామ ముడి మీద చెయ్యి ఆపాడు. దిగలేదు. నిలువు వెదురును చేత్తో పట్టుకుని కిందికి వంగి చూశాడు.

"ఏ మాటల పిలుస్తున్నవు అల్లుడా?" అన్నాడు.

పైనున్న కూలీలకు గంగారాం అంతా చెప్పినట్టున్నాడు, అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. అది పరిహాసమే, నాకు తెలుసు. అయినా నేను జవాబు చెప్పేదాకా అతను కాలు కదపలేదు.

"తెలుగులనే మామా" అన్నాను.

అప్పుడు దిగడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క వెదురునూ బొటనవేలితో తడిమి చూసుకుంటూ దిగుతున్నాడు. నేను డబ్బా పట్టుకుని కింద నిలబడ్డాను.